ముగింపు తెలిసి చదివిన నవలలు

ముగింపు ముందే తెలిసిపోతే సస్పెన్స్ నవల చదవడం దండగని చాలామంది అంటారు. అపరాధ పరిశోధన నవలలు, థ్రిల్లర్లు, ప్రేమ నవలలు కొన్నేళ్లుగా ఒకదాని వెంట ఒకటి చదువుతూ వస్తున్న నాకు మాత్రం, ముగింపు తెలిశాక కూడా నిలబడే నవలే డబ్బు పెట్టి కొనదగినదన్న అభిప్రాయం రోజురోజుకూ గట్టిపడుతోంది. అందుకే ఈ సమీక్షలో కథల సారాంశం చెప్పను, హంతకుల పేర్లు అసలే చెప్పను. రెండోసారి చదివినప్పుడు ఏ పుస్తకం నిలిచింది, ఏది కూలింది అన్నంత వరకే రాస్తాను.

ఈ అభిప్రాయానికి కారణం ఒక పెన్సిలు గీత. అనంతపురంలో పాత పుస్తకాలు అమ్మే ఒక చోట అగాథా క్రిస్టీ 1926లో ప్రచురించిన ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్’ దొరికింది. అట్ట చిరిగినా లోపలి కాగితం బాగానే ఉంది. ఇంటికి తెచ్చి మొదలుపెట్టిన కాసేపటికే ఒక పాత్ర పేరు కింద గీత, దాని పక్కన తెలుగులో ‘హంతకుడు ఇతనే’ అన్న రాత కనిపించాయి. అద్దె పుస్తకాల దుకాణాల కాలంలో కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలల్లో ఇలాంటి రాతలు చూసినవాళ్లకు ఆ క్షణంలో కలిగే కోపం ఎలాంటిదో వేరుగా చెప్పక్కరలేదు. పుస్తకం మూసి బీరువాలో పెట్టేశాను. మే నెల మధ్యాహ్నాలు మా ఊళ్లో గడప దాటనివ్వవు కాబట్టి, చదవడానికి మరేమీ మిగలక దాన్నే మళ్లీ తీశాను. ఆ రాత నిజమో, గిట్టనివాడెవడో కావాలని రాసిన అబద్ధమో తేల్చుకుందామన్న పట్టుదలతో చదివాను.

అది నిజమే. అయితే ఆ నిజం తెలిసి చదవడం వల్ల నాకు దొరికిన ఆనందం, తెలియకుండా చదివి ఉంటే దొరికేది కాదని ఇప్పటికీ నమ్ముతున్నాను. హత్య జరిగిన రాత్రి గురించిన ఒక చిన్న భాగంలో ఉత్తరం గదిలోకి వచ్చింది 8.40కి అని ఒక వాక్యం, గది నుంచి ఒకరు బయటపడింది 8.50కి అని ఆ వెంటనే మరొక వాక్యం ఉన్నాయి. రెండూ నిజాలే, రెండూ పాఠకుడి ఎదుటే ఉన్నాయి. వాటి నడుమ పది నిమిషాల్లో ఏం జరిగిందన్న ప్రశ్న మాత్రం మొదటిసారి చదివేవారికి తట్టదు, ఎందుకంటే వాక్యం అంత సాఫీగా నడిచిపోతుంది. హంతకుడెవరో తెలిసిన నాకు ఆ రెండు వాక్యాల దగ్గర ఒళ్లు జలదరించింది. అక్కడి నుంచి పుస్తకం పొడవునా రచయిత్రి ఎక్కడ ఏం దాచిందో, దాస్తూనే ఎంత నిజాయితీగా ఉందో పట్టుకోవడమే నా పనైంది. సొరకాయ జాతి కూరగాయలు పండించుకుంటూ పల్లెటూళ్లో విశ్రాంతి తీసుకుంటున్న డిటెక్టివ్ పోయిరో తెలివి కన్నా, ఆ వాక్యాలను పేర్చిన చేతి నేర్పే నాకు పెద్దదిగా కనిపించింది.

రోనాల్డ్ నాక్స్ అనే ఆంగ్ల రచయిత 1929లో డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాశాడు. డిటెక్టివ్‌కు దొరికిన ప్రతి ఆధారాన్నీ పాఠకుడికి కూడా చూపి తీరాలన్నది వాటిలో ఒకటి. ఆ నియమం విలువ నాకు ఈ పుస్తకంతోనే అర్థమైంది. చూపించడమంటే వేలు పెట్టి చూపించడం కాదు. పాఠకుడు తర్వాత వెనక్కి తిరిగి వెతికితే అది అక్కడే ఉండాలి.

అలాగని ఆ నవలంతా ఒకే ఎత్తులో ఉందని అనలేను. ఇంట్లో ఉన్న ప్రతి ఒక్కరూ ఏదో ఒక రహస్యం దాస్తూ ఉండటం, పోయిరో ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి దాన్ని బయటికి లాగడం, ముగింపు తెలిసినవారికి కాస్త యాంత్రికంగా తోస్తాయి. ఆ చిన్న రహస్యాల్లో సగం మన దృష్టి మళ్లించడానికే ఉన్నాయన్న సంగతి తెలిసిపోతుంది. నడిమి అధ్యాయాల్లో ఒకటి రెండు పేజీలు చూపు పరిగెత్తించి దాటేశాను. ఆ రెండు వాక్యాల కోసం మిగిలినదంతా భరించవచ్చునని నా ఉద్దేశం, అందరికీ అలా అనిపించకపోవచ్చు.

ఆ తర్వాత ముగింపు తెలిసినా చదివించే నవలల కోసమే వెతకడం మొదలుపెట్టాను. ఫ్రెడరిక్ ఫోర్సైత్ 1971లో ప్రచురించిన ‘ది డే ఆఫ్ ది జాకల్’ ఆ వెతుకులాటలోనే చేతికొచ్చింది. ఫ్రాన్స్ అధ్యక్షుడు డి గాల్‌ను చంపడానికి కిరాయికి కుదిరిన హంతకుడి కథ ఇది. డి గాల్ 1970 నవంబరులో సొంత ఇంట్లో సహజంగానే మరణించారని పుస్తకం వెలువడినప్పుడే లోకమంతటికీ తెలుసు. అంటే రచయిత తన చేతులతోనే మొదటి పేజీలో ‘ఈ హత్య జరగదు’ అని పెన్సిలుతో రాసి ఇచ్చినట్టు. అయినా చనిపోయిన పసిబిడ్డ జనన ధ్రువీకరణ పత్రంతో దొంగ పాస్‌పోర్టు సంపాదించే ఘట్టం, బెల్జియంలో పనివాడి చేత విడి భాగాలుగా విప్పి దాచగల తుపాకీ చేయించుకునే ఘట్టం చదువుతుంటే ఊపిరి బిగపట్టక తప్పదు. హత్య జరుగుతుందా లేదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు, ఇంత జాగ్రత్తగా పనిచేసే మనిషిని ఆపగలిగేది ఏమిటన్నదే ప్రశ్న. ఆ హంతకుడి కోసం వెతికే పోలీసు కమిషనర్ లెబెల్ వైపు కథ తిరిగాక కార్యాలయాల్లో జరిగే సమావేశాలు నాకు ఎక్కువగానే అనిపించాయి. ఆడవాళ్ల పాత్రలను రచయిత పని జరిగేంత వరకే వాడుకుని వదిలేశాడన్న అసంతృప్తి రెండోసారి చదివినప్పుడు పెరిగింది. నేను ఇంగ్లీషు నెమ్మదిగా, నిఘంటువు పక్కన పెట్టుకుని చదివే మనిషిని. ఆ నెమ్మదితనం వల్ల క్రిస్టీ దగ్గర నాకు లాభమే కలిగింది కానీ, ఫ్రెంచి శాఖల పేర్ల దగ్గర మాత్రం విసుగు పుట్టించింది.

ఈ మధ్య బాగా ప్రచారమైన ఒక ఇంగ్లీషు థ్రిల్లరును కూడా ఇదే పరీక్షకు పెట్టాను. పేరు చెప్పను. మొదటిసారి రెండు రాత్రుల్లో పూర్తి చేసి, చివరి మలుపు దగ్గర ఆశ్చర్యపోయి, తెలిసినవాళ్లకు చదవమని కూడా చెప్పాను. ఆ పొగడ్తను ఇప్పుడు చాలావరకు వెనక్కి తీసుకోవలసి వస్తోంది. కథ చెప్పే మనిషి మనసులోని ప్రతి ఆలోచననూ పాఠకుడికి వినిపిస్తున్నట్టు రాసి, ఆ రాత్రి తాను అదే ఇంట్లో ఉన్నానన్న ఒక్క సంగతిని మాత్రం ఆమె ఆలోచనల్లోకి రానివ్వలేదు రచయిత. పైగా తలుపు తీసింది తానే అయిన మనిషి, ఒంటరిగా కూర్చుని, ఆ తలుపు ఎవరు తీసి ఉంటారా అని తనలో తాను అనుకుంటుంది! ఎవరినీ మోసం చేయాల్సిన అవసరం లేని చోట ఆమె అలా ఎందుకు అనుకుంటుంది? నన్ను మోసం చేయడానికే. క్రిస్టీ ఆ పది నిమిషాల గురించి మౌనంగా ఉంది, అబద్ధం ఆడలేదు. ఈ పుస్తకం అబద్ధం ఆడింది. అధ్యాయం చివర ఫోను మోగించడం, కిటికీ దగ్గర నీడ చూపించడం, తర్వాతి అధ్యాయంలో అది పాలవాడో పక్కింటివాడో అని తేల్చడం కూడా రెండోసారికి భరించరానివి అయ్యాయి. నా సమయం గురించి నాకున్న గౌరవం ఆ రచయితకు లేదనిపించింది.

ప్రేమ నవలల విషయంలో ఈ పరీక్ష అవసరమే లేదు, ఎందుకంటే అక్కడ ముగింపు తెలియకుండా ఎవరూ పుస్తకం తెరవరు. యద్దనపూడి సులోచనారాణి గారి ‘సెక్రటరీ’లో జయంతి, రాజశేఖరం ఒకటవుతారని 1976లో వచ్చిన సినిమా చూడనివారికి కూడా తెలుసు. తెలిసే తరతరాలుగా చదువుతున్నారు. ఇటీవల దాన్ని మళ్లీ చదివినప్పుడు, చిన్నప్పుడు నన్ను ఆకట్టుకున్న కారూ మేడా నా కంటికి ఆనలేదు, జయంతి ఆత్మాభిమానమే కథను మోస్తున్నదని కనిపించింది. ఆమె ప్రతి అడుగూ ప్రేమకూ పౌరుషానికీ నడుమ తూగుతుంటే, గమ్యం తెలిసినా దారి ఆసక్తిగానే ఉంటుంది. రాజశేఖరం అధికార ధోరణిని మాత్రం ఆ వయసులో హుందాతనమనుకుని మురిసిపోయినంతగా ఇప్పుడు మురిసిపోలేకపోయాను.

ఈ మూడు రకాలూ కలిసిన పుస్తకం కీగో హిగాషినో రాసిన ‘ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్’. జపాన్‌లో 2005లో పుస్తకంగా వచ్చి నవోకి సాహిత్య బహుమతి అందుకుంది; నేను చదివింది ఇంగ్లీషు అనువాదం. హత్య మొదట్లోనే మన కళ్ల ముందు జరుగుతుంది, ఎవరు చేశారో అప్పుడే తెలిసిపోతుంది. పక్కింటి లెక్కల మాస్టారు ఇషిగామి ఆ హత్యలో చిక్కుకున్న యాసుకోనూ ఆమె కూతురినీ కాపాడటానికి పూనుకుంటాడు. అన్నీ తెలిసిన మనకు చివర ఇంకేం మిగులుతుందనుకుంటాం కానీ, మిగులుతుంది. రెండోసారి చదివినప్పుడు మొదటి అధ్యాయంలో ఆయన ఉదయాన్నే నది ఒడ్డున నడిచి వెళ్లడం, దారిలో ఆయన కంట పడే మనుషులు, వాళ్ల గురించి రచయిత చెప్పిన తీరు అన్నీ బరువెక్కాయి. నాక్స్ నియమానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నేను చదివినవాటిలో లేదు.

దీన్ని గొప్ప ప్రేమకథ అని మొదటిసారి అందరికీ చెప్పాను. ఇప్పుడు ఆ మాట అంత నిబ్బరంగా అనలేకపోతున్నాను. ఇషిగామి చేసింది త్యాగమే, అందులో సందేహం లేదు. అయితే ఆ త్యాగం యాసుకో మీద ఎంత భారం మోపుతుందో ఆయన ఆమెను ఒక్కసారైనా అడిగారా అన్నది నన్ను పట్టుకుని వదలడం లేదు.

నా చెల్లెలి కూతురు ఈ వాదనను ఒప్పుకోదు. బెంగళూరులో ఉద్యోగం, సెలవులకు బస్సులో అనంతపురం రావడం, దారి పొడవునా చదవడం ఆమె అలవాటు. “పెద్దమ్మా, నీకు రెండోసారి చదివే తీరిక ఉంది కాబట్టి ఇన్ని మాటలు చెబుతున్నావు. పెనుకొండ వచ్చినా తల ఎత్తనివ్వకపోతే చాలు, నాకు అదే మంచి పుస్తకం,” అంటుంది. ఆమె మాటలో న్యాయం ఉంది. ఉద్యోగ విరమణ చేసి, మధ్యాహ్నమంతా ఫ్యాను కింద కూర్చోగల నాలాంటివారి కొలత, పని అలసటలో గంటసేపు మనసు మళ్లించుకోవాలనుకునేవారికి వర్తించకపోవచ్చు. నేను తిట్టిపోసిన ఆ థ్రిల్లరు ఆమెకు నచ్చింది. నచ్చకూడదని నేనెలా అంటాను? అయితే కొని దాచుకోదలచినవారు, మరొకరికి ఇవ్వదలచినవారు కొత్త పుస్తకం మీద డబ్బు పెట్టే ముందు దాన్ని రెండోసారి చదివినవారి మాట కూడా వినాలని నా మనవి.

పోయినసారి ఆమె వెళ్లేటప్పుడు జాకల్ పుస్తకం చేతికిచ్చాను. బస్సు ప్రయాణానికి అది సరిగ్గా సరిపోతుంది. సస్పెక్ట్ ఎక్స్ మాత్రం ఇవ్వలేదు. యాసుకో మాట్లాడే ప్రతి చోటా ఆగుతూ దాన్ని మళ్లీ మొదటి నుంచి చదువుతున్నాను.