గోల్ఫ్ డిగ్రీయా, స్పోర్ట్స్ సైన్సా? ఏది మేలు?

ప్రాక్టీస్ రేంజ్‌లో ఒక కుర్రాడు డ్రైవర్ (దూరం కొట్టడానికి వాడే పొడవాటి గోల్ఫ్ క్లబ్, అంటే కర్ర) కొడుతున్నాడనుకుందాం. కుడిచేతి వాటం. బంతి లక్ష్యానికి కాస్త ఎడమగా బయల్దేరి, గాల్లో కుడికి వంగి, పొడుగ్గా పెరిగిన గడ్డిలో పడుతోంది. పది కొడితే ఏడు అంతే. దెబ్బని కొలిచే లాంచ్ మానిటర్ అనే మెషీన్ తెర మీద రెండు అంకెలు మాత్రం పట్టిన పట్టు వదలడం లేదు. క్లబ్ పాత్, అంటే క్లబ్ కదిలే దారి, ఐదు డిగ్రీలు ఎడమకి. క్లబ్ ఫేస్, అంటే బంతికి తగిలే ముఖం, ఒక డిగ్రీ ఎడమకి.

గోల్ఫ్ కోర్సు చదువుతున్న విద్యార్థి ఆ తెర చూడగానే విషయం పట్టేస్తాడు. బంతి ఎటు బయల్దేరాలో ఎక్కువగా తేల్చేది ఫేస్. ఎటు వంగాలో తేల్చేది ఫేస్‌కీ పాత్‌కీ మధ్య తేడా. బంతి క్లబ్ నడిమధ్యన తగులుతోందంటే ఆ నాలుగు డిగ్రీల తేడాయే దాన్ని కుడికి లాగుతోంది. గ్రిప్ చూస్తాడు, భుజాలు ఎటు చూస్తున్నాయో చూస్తాడు, రెండు డ్రిల్స్ ఇచ్చి కొట్టిస్తాడు.

స్పోర్ట్స్ సైన్స్ విద్యార్థి అయితే క్లబ్ పక్కన పెట్టమంటాడు. కుర్రాణ్ణి బల్ల మీద కూర్చోబెట్టి, ఎడమ తుంటి లోపలికి ఎంతవరకు తిరుగుతుందో కొలుస్తాడు. అక్కడ తుంటి బిగుసుకుపోయి ఉంటే, అది తిరగాల్సినంత నడుమో భుజాలో తిరగాల్సి వస్తుంది. భుజాలు ముందే తిరిగిపోతే క్లబ్ బయటి నుంచి లోపలికి, అంటే ఎడమకి వస్తుంది. అప్పుడు ఎంత మంచి డ్రిల్ ఇచ్చినా ఒళ్లు సహకరించదు.

ఇద్దరూ కరెక్టే. ఒకరి దగ్గరున్నది రెండోవాళ్ల దగ్గర లేదు, అంతే. కాలేజీలో మూడు నాలుగేళ్లు పెట్టేటప్పుడు ముందు ఏది నేర్చుకోవాలన్నదే అసలు పేచీ. ముందే చెప్పేస్తున్నా, నా మొగ్గు స్పోర్ట్స్ సైన్స్ వైపే. కానీ దానికి మినహాయింపులున్నాయి, అవి చిన్నవేం కావు.

గోల్ఫ్ పేరు పెట్టుకున్న డిగ్రీలు ఒక్క రకంగా ఉండవు. కొన్ని ఆట మెరుగుదల, కోచింగ్ చుట్టూ తిరుగుతాయి. కొన్ని క్లబ్ నిర్వహణ, టోర్నమెంట్లు, షాపు, సభ్యుల వ్యవహారాల చుట్టూ తిరుగుతాయి. రెండో రకానికి అందరికీ తెలిసిన నమూనా అమెరికాలోని పీజీఏ (ప్రొఫెషనల్ గోల్ఫర్ల సంఘం) గోల్ఫ్ మేనేజ్‌మెంట్ కోర్సు. మిషిగన్‌లోని ఫెర్రిస్ స్టేట్ యూనివర్సిటీలో 1975లో మొదలైంది. నాలుగున్నరేళ్ల చదువు, అందులో 16 నెలలు ఇంటర్న్‌షిప్. అంటే ఏడాదికి పైగా ఏదో ఒక గోల్ఫ్ క్లబ్‌లోనే పని. ఇంకే డిగ్రీలోనూ ఇంత తేలిగ్గా దొరకని సంగతి ఇది. పొద్దున్నే టీ టైమ్‌లు (ఎవరు ఎప్పుడు ఆట మొదలుపెట్టాలో) సర్దడం, పాఠం చెప్పించుకోవడానికి వచ్చిన పెద్దాయనకు విసుక్కోకుండా చెప్పడం, క్లబ్ పొడవూ షాఫ్టూ మనిషికి తగ్గట్టు కుదర్చడం పుస్తకం చదివితే రావు.

ఈ దారిలో ప్లేయింగ్ ఎబిలిటీ టెస్ట్ అని ఒక పరీక్ష ఉంటుంది. మామూలుగా ఒకే రోజులో 36 హోల్స్, అంటే 18 చొప్పున రెండు రౌండ్లు ఆడాలి. కోర్స్ రేటింగ్‌ని (ఆ మైదానంలో ఒక రౌండ్‌కి మంచి ఆటగాడికి ఎన్ని దెబ్బలు పడతాయన్న అంచనా) రెట్టింపు చేసి, దానికి 15 కలిపితే వచ్చేదే లక్ష్యం. రేటింగ్ 71 అయితే మొత్తం 157 దెబ్బలు దాటకూడదు. సగటున ఒక్కో రౌండ్ 78న్నర. వినడానికి పెద్ద కష్టంగా అనిపించదు. టెన్షన్‌తో, గాలిలో, అలిసిపోయిన కాళ్లతో రెండో రౌండ్ పన్నెండో హోల్ దగ్గర బంతి నీళ్లలో పడితే అప్పుడు తెలుస్తుంది. ఆట మీద అంత పట్టు లేనివాళ్లు ఈ సంగతి చేరాక కాకుండా చేరకముందే ఆలోచించుకోవాలి.

గోల్ఫ్ డిగ్రీలో లోటు ఎక్కడంటే సైన్స్ పలచబడిపోవడం. అనాటమీ, ఫిజియాలజీ, బయోమెకానిక్స్ (ఒంటి కదలికల మెకానిక్స్), సైకాలజీ అన్నీ సిలబస్‌లో కనిపిస్తాయి. కానీ నాలుగూ కలిపి ఒకటి రెండు పేపర్లలో కుదించేస్తే కండరాల పేర్లు వస్తాయి గానీ, నడుం నొప్పితో వచ్చిన ఆటగాడి స్వింగ్ చూసి ఎక్కడ భారం పడుతోందో చెప్పడం రాదు. గోల్ఫ్‌లో ఎక్కువగా కనిపించే గాయం నడుముదే కాబట్టి ఇది చిన్న లోటేమీ కాదు.

ఇక స్పోర్ట్స్ సైన్స్ సంగతి. కొన్ని చోట్ల దీన్నే కైనీసియాలజీ అంటారు. నేను దీని వైపు మొగ్గడానికి పెద్ద కారణం ఒకటుంది. ఈ పాతికేళ్లలో గోల్ఫ్ గురించి మనం ఆలోచించే తీరు మార్చినవాళ్లలో చాలామంది గోల్ఫ్ డిపార్ట్‌మెంట్ల నుంచి రాలేదు. మార్క్ బ్రోడీ కొలంబియా యూనివర్సిటీ బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్. ఒక్కో షాట్ విలువ ఎంతో లెక్కగట్టే స్ట్రోక్స్ గెయిన్డ్ పద్ధతి ఆయనదే. అమెరికాలో ప్రొఫెషనల్ టోర్నమెంట్లు నడిపే పీజీఏ టూర్ 2011లో మొదట పటింగ్‌కి, అంటే బంతిని హోల్‌లోకి దొర్లించే షాట్లకి, దాన్ని వాడటం మొదలుపెట్టింది. లెక్క చాలా సులువు. ఎనిమిది అడుగుల దూరం నుంచి టూర్ ఆటగాళ్లు సుమారు సగం సార్లు ఒక్క పట్‌తోనే బంతిని హోల్‌లో వేసేస్తారు. అంటే అక్కడి నుంచి సగటున పట్టేది ఒకటిన్నర స్ట్రోకు (దెబ్బ). మీరు ఒక్క దెబ్బతో వేస్తే అర స్ట్రోకు లాభం, రెండు పడితే అర స్ట్రోకు నష్టం. ఈ లెక్కని ప్రతి షాట్‌కీ వేసుకుంటూ పోతే బయటపడిందేమిటంటే, గొప్ప ఆటగాళ్లకీ మామూలు వాళ్లకీ మధ్య స్కోరు తేడాలో దాదాపు మూడింట రెండొంతులు వంద గజాల అవతల నుంచి కొట్టే షాట్లదే. డ్రైవ్ చూపుకి, పట్ డబ్బుకి అని తరాలుగా చెప్పుకున్న మాట అలా తలకిందులైంది. తలకిందులు చేసినాయన పాఠాలు చెప్పేది బిజినెస్ స్కూల్లో.

సాషో మెకెంజీ కెనడాలోని సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ యూనివర్సిటీలో పాఠాలు చెబుతూనే స్వింగ్ బయోమెకానిక్స్ మీద పనిచేశాడు. పట్ వేసే ముందు చూపు ఎక్కడ, ఎంతసేపు నిలుస్తుందన్న క్వైట్ ఐ పరిశోధన జోన్ విక్కర్స్‌ది, ఆవిడది కైనీసియాలజీ. ఆటగాళ్లలో చూస్తే బ్రైసన్ డిషాంబో ఫిజిక్స్ చదివాడు. ఐరన్స్ అనే రకం క్లబ్‌లన్నీ ఒకే పొడవు, ముప్పై ఏడున్నర అంగుళాలు చేయించుకుని, 2020లో, మళ్లీ 2024లో యూఎస్ ఓపెన్ గెలిచాడు. డిగ్రీ మాత్రం పూర్తి చేయలేదు, అది వేరే కథ.

వీళ్ల పేర్లు చెప్పింది మీరూ అలా అవుతారని కాదు. వీళ్లు వాడిన పనిముట్లు స్టాటిస్టిక్స్, మెకానిక్స్, మోటార్ లెర్నింగ్. అవి నేర్పేది స్పోర్ట్స్ సైన్స్‌లో. మోటార్ లెర్నింగ్‌నే, అంటే ఒంటికి కదలికలు ఎలా అలవడతాయో చెప్పే చదువునే, తీసుకోండి. రేంజ్‌కి వెళ్లిన ప్రతివాడూ చేసే పని ఏమిటి? సెవెన్ ఐరన్ పట్టుకుని ఒకే జెండా వైపు వరసగా యాభై బంతులు. ఇరవయ్యో బంతికి బ్రహ్మాండంగా తగులుతుంటుంది. తెల్లారి కోర్స్ మీదికి వెళ్తే అదంతా ఎక్కడికో పోతుంది. ఒకే పని వరసగా చేస్తే ప్రాక్టీసులో బాగా కనిపిస్తుందనీ, రకరకాల పనులు కలిపి చేస్తే అప్పటికి తడబడినా తర్వాత బాగా గుర్తుంటుందనీ షే, మోర్గన్ అనే ఇద్దరు 1979లోనే చూపించారు. గోల్ఫ్ అంటే ఒకే షాట్ రెండుసార్లు వరసగా రాని ఆట కదా. ఈ ఒక్క పాఠం సరిగ్గా ఎక్కితే ప్రాక్టీస్ ప్లాన్ అంతా మారిపోతుంది.

స్టాటిస్టిక్స్ పేరెత్తితే చాలామంది పారిపోతారు. నేనూ మొదట్లో పారిపోయిన బాపతే. లాంచ్ మానిటర్ ఒక్క గంటలో గుమ్మరించే అంకెల్లో ఏది నిజంగా మారిందో, ఏది మామూలు ఊగిసలాటో చెప్పగలిగేవాళ్లకి ఇవాళ గిరాకీ ఉంది. అంకెలు చదివి వినిపించడం ఎవరైనా చేస్తారు.

దీని లోటు కూడా చెప్పాలి. మామూలు స్పోర్ట్స్ సైన్స్ క్లాసులో గోల్ఫ్ వినపడటమే అరుదు. ఉదాహరణలన్నీ పరుగు, సైకిల్, ఫుట్‌బాల్. ల్యాబ్‌లో వారాల తరబడి ఆక్సిజన్ వినియోగం, లాక్టేట్ కొలుస్తారు. గోల్ఫ్‌లో 18 హోల్స్ నడిస్తే ఎనిమిది నుంచి పది కిలోమీటర్లు, నాలుగు గంటలకు పైనే. స్వింగ్ మాత్రం సెకను పైచిలుకు, బంతికి క్లబ్ తగిలి ఉండేది సుమారు అర మిల్లీసెకను. ఈ వింత కలయికకి సైకిల్ తొక్కించి చేసే పరీక్షలు ఎంతవరకు పనికొస్తాయో మీకై మీరే తేల్చుకోవాలి, ఎవరూ చెప్పరు. ప్రాజెక్ట్ టాపిక్ గోల్ఫ్ మీద పెట్టుకోవడం, కాళ్లు నేలని నెట్టే బలాన్ని కొలిచే ఫోర్స్ ప్లేట్ ఖాళీగా ఉన్నప్పుడు డ్రైవర్ తీసుకెళ్లి నిలబడటం, సాయంత్రాలు ఏదో ఒక కోచ్ పక్కన పనిచేయడం అన్నీ సొంత చొరవతో జరగాలి. చొరవ లేకపోతే డిగ్రీ చేతికొచ్చేసరికి గోల్ఫ్‌తో సంబంధం టీవీ చూడటం వరకే మిగులుతుంది.

మూడో దారి ఒకటుంది: కాలేజీ జట్టుకి ఆడుతూ ఏదో ఒకటి చదవడం. ప్రొఫెషనల్‌గా ఆడాలన్న పట్టుదల ఉన్నవాళ్లకి ఇదే మొదటి ఎంపిక, అందులో వాదన లేదు. అమెరికా కాలేజీ ఆటలు చూసే ఎన్‌సీఏఏ నిబంధన ప్రకారం సీజన్‌లో వారానికి 20 గంటలే క్రీడా కార్యక్రమాలు. చూడటానికి బాగానే ఉంది. తిరకాసు ఏమిటంటే, పోటీ జరిగిన రోజు ఎంతసేపు ఆడినా దాన్ని మూడు గంటలుగానే లెక్కేస్తారు. కాలేజీ టోర్నమెంట్లు చాలావరకు 54 హోల్స్, తరచూ మొదటి రోజే 36. పొద్దున్నే మొదలుపెట్టి చీకటిపడే దాకా నడిచిన రోజు కాగితం మీద మూడు గంటలు. దీనికి ప్రయాణాలు అదనం. ఆ వారం అనాటమీ ల్యాబ్ పోయిందంటే మళ్లీ పెట్టేవాళ్లు ఉండాలి. అందుకే జట్టులో ఆడుతూ స్పోర్ట్స్ సైన్స్ చదవాలనుకుంటే, పోయిన ల్యాబ్‌లు ఎలా పూర్తి చేయిస్తారో కోచ్‌ని కాకుండా డిపార్ట్‌మెంట్‌ని అడగండి. కోచ్ ఎలాగూ ఏం పర్లేదంటాడు.

మరి ఎవరికేది? క్లబ్‌లో పాఠాలు చెప్పడమో క్లబ్ నడపడమో మీకు ఇష్టమని ఇప్పటికే తెలిసిపోయి, ఆట కూడా బాగా వచ్చి ఉంటే గోల్ఫ్ డిగ్రీకే వెళ్లండి. అక్కడ దొరికే మనుషుల పరిచయాలు ఇంకెక్కడా దొరకవు. ఆటగాళ్ల ఫిట్‌నెస్, గాయాల నుంచి కోలుకోవడం, డేటా విశ్లేషణ, పరిశోధన, వీటిలో దేనివైపు మనసున్నా స్పోర్ట్స్ సైన్స్. ఎటూ తేలనివాళ్లకి కూడా అదే చెబుతాను, ఎందుకంటే తర్వాత కలుపుకోవడం ఒకవైపు నుంచే సులువు. ఫిజియోకి గోల్ఫ్ నేర్పడానికి టైటిలిస్ట్ పెర్ఫార్మెన్స్ ఇన్‌స్టిట్యూట్ లాంటివి 2003 నుంచి ఉన్నాయి, వాటి తొలి సర్టిఫికెట్ కొద్ది రోజుల పని. కోచ్‌కి ఫిజియాలజీ మాత్రం కొద్ది రోజుల కోర్సుతో పట్టుబడేది కాదు.

ఏ కాలేజీ అయినా బ్రోచర్‌లో లాంచ్ మానిటర్ ఫొటో తప్పక వేస్తుంది. ఫొటో చూసి మురిసిపోకుండా, రెండో ఏడాది విద్యార్థికి వారంలో ఆ మెషీన్ ఎన్ని గంటలు చేతికొస్తుందో అడగండి. కిందటేడాది ఫైనల్ ప్రాజెక్టుల పేర్లు చూపించమనండి. పేర్లలోనే సగం తెలిసిపోతుంది. గోల్ఫ్ డిగ్రీ తర్వాత పీజీ చేయాలని ఏ మూలో ఉంటే, ఆ పీజీకి ఫిజియాలజీ, స్టాటిస్టిక్స్ ఎన్ని క్రెడిట్లు అడుగుతున్నారో ఇప్పుడే చూసి, మీ డిగ్రీ సిలబస్ పక్కన పెట్టుకుని సరిపోల్చండి. తక్కువైతే ఆ పేపర్లు ఎలెక్టివ్‌గా తీసుకోనిస్తారో లేదో ఫీజు కట్టకముందే మెయిల్‌లో రాయించుకోండి.