లాసన్స్ బే గాలిలో ఏడేళ్లు: అక్వేరియానికి పెట్టిన ఆర్‌సీబీవో

మా ఇల్లు విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలో, సముద్రానికి నడిచి వెళ్లేంత దూరంలో, మూడో అంతస్తులో ఉంది. హాల్లో నాలుగడుగుల అక్వేరియం, అందులో సుమారు 240 లీటర్ల నీరు, కొన్ని ఏంజెల్ చేపలు ఉన్నాయి. ఈ తొట్టిలోకి వెళ్లే నాలుగు వైర్లకూ కలిపి 2018 జూన్‌లో ఒక 16 ఆంపియర్ల, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీబీవో పెట్టించాను, అంటే కరెంటు లీకైనా, ఓవర్‌లోడ్ అయినా సరఫరాను తనంతట తానే ఆపేసే స్విచ్. మన ఎలక్ట్రీషియన్లలో చాలామంది దీన్ని కూడా ఈఎల్‌సీబీ అనే పిలుస్తారు. దానితో ఏడేళ్లకు పైగా గడిపిన తరువాత రాస్తున్న సమీక్ష ఇది.

అంతకుముందు జరిగిన ఒక సంఘటన వల్లనే దీన్ని కొన్నాను. నీళ్లు మార్చేటప్పుడు హీటరు ఆపడం మరచిపోయి సగం నీరు తోడేశాను. బయటపడి కాలిపోతున్న గాజు గొట్టం మీద చల్లని నీరు పడగానే వెంట్రుకవాసి పగులు వచ్చింది కానీ నాకు కనబడలేదు. రెండు రోజుల తరువాత తొట్టిలో చేయి పెడితే, వేలికి కత్తిగాటు ఉన్నచోట మాత్రం చీమ కుట్టినట్టు చురుక్కుమంది. చేపలు హాయిగా తిరుగుతూనే ఉన్నాయి, ఎందుకంటే వాటి చుట్టూ ఉన్న నీరంతా దాదాపు ఒకే వోల్టేజీలో ఉంటుంది, కరెంటు వాటిగుండా పోవడానికి దారి ఉండదు. తడి నేల మీద చెప్పులు లేకుండా నిలబడ్డ నేనే ఆ దారిని. టెస్టర్ ముంచితే దీపం వెలిగింది. అయితే టెస్టర్ దీపం చాలా స్వల్పమైన లీకేజీకి కూడా వెలుగుతుంది కనుక దాన్నిబట్టి ప్రమాదం ఎంతో చెప్పలేము. హీటరును బయటకు తీసి వెలుతురులో చూసినప్పుడే పగులు బయటపడింది.

మెయిన్ బోర్డులో ఎంసీబీ ఉంది కదా, అది ఎందుకు దిగలేదని మా ఎలక్ట్రీషియన్‌ను అడిగాను. "అది వైరు కాలిపోకుండా చూసేదండి మేష్టారూ, మనిషిని చూసేది కాదు," అన్నాడు. ఆ మాట అక్షరాలా నిజం. మనిషి గుండా 100 మిల్లీఆంపియర్లు పోతే ప్రాణం పోవచ్చు, కానీ 16 ఆంపియర్ల ఎంసీబీకి అది లెక్కలోకే రాదు. ఆర్‌సీబీవో మాత్రం ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయో లేదో నిరంతరం పోల్చుతుంది. తేడా 30 మిల్లీఆంపియర్లకు చేరితే 0.3 సెకన్లలోపు సరఫరా తెంచివేస్తుంది. ఆర్‌సీసీబీ చేసే పని కూడా ఇదే, కాకపోతే దానికి ఓవర్‌లోడ్‌ను ఆపే శక్తి లేదు కనుక వెంట ఎంసీబీ తప్పనిసరి. ఒక్క తొట్టికి రెండింటి పనీ ఒకే పెట్టెలో జరుగుతుందని నేను ఆర్‌సీబీవో ఎంచుకున్నాను, ఆ ఎంపిక విషయంలో నాకు ఇప్పటికీ చింత లేదు.

బిగించిన మొదటి రోజే చిక్కు వచ్చింది. హీటరు ఆన్ చేసిన ప్రతిసారీ అది దిగిపోయేది. పరికరం లోపమనుకుని తిరిగి ఇచ్చేయబోయాను. తీరా చూస్తే ఫేజు దీని గుండా వచ్చినా, న్యూట్రల్‌ను పాత అలవాటు ప్రకారం ఇంటి ఉమ్మడి న్యూట్రల్ లింకుకు కలిపేశారు. వెళ్లిన కరెంటు తిరిగి తన గుండా రాకపోతే దానికి అది లీకేజీగానే కనబడుతుంది. తొట్టి న్యూట్రల్‌ను విడదీసి దీనికే కలిపాక ఆ బాధ పోయింది. ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో ఇదే తప్పు మరీ ఎక్కువగా దొరుకుతుంది కాబట్టి, పెట్టించుకునేవారు దగ్గరుండి చూసుకోవాలి.

తరువాతి ఏళ్లలో అది దిగిన ప్రతిసారీ ఒక పుస్తకంలో రాసుకున్నాను. మొదటి ఐదేళ్లలో తొమ్మిదిసార్లు దిగింది. రెండుసార్లు ఫిల్టరు మోటారు సీలు అరిగి నీరు లోపలికి పోవడం వల్ల; నాలుగుసార్లు, నా ఇంటి గాలి వల్ల అనాలి, స్టాండు కింది అరలో పెట్టిన ఎక్స్‌టెన్షన్ బాక్సులో ఉప్పు తేమ పేరుకుని. వైరు వెంట జారిన నీటి చుక్క నేరుగా ప్లగ్గులోకే దిగేదని అప్పుడు అర్థమైంది. బాక్సును తొట్టి పక్కగా గోడకు ఎత్తున బిగించి, ప్రతి వైరునూ ప్లగ్గు కంటే కిందికి ఒక వంపు వేలాడేటట్టు వదిలాను. చుక్క ఆ వంపు దగ్గరే నేల మీద రాలిపోతుంది. దీనికి పైసా ఖర్చు లేదు. ఆ నాలుగింటి తరువాత అదే కారణంతో ఐదోది రాలేదు. మిగిలిన మూడూ ఉరుములతో కూడిన వాన రోజుల్లోవి.

ఇక దీనివల్ల నేను పడ్డ ఇబ్బంది. రాత్రి 2 గంటలకు దిగిపోతే మనకు తెలియదు, తెల్లవారేసరికి చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేక చేపల్ని పోగొట్టుకున్నవాణ్ణి, కనుక ఈ భయం నాకు ఊరికే రాలేదు. అందుకని కరెంటు పోగానే తనంతట తాను నడిచే బ్యాటరీ ఎయిర్ పంపును ఈ లైనుకే తగిలించాను. ఎయిర్ పంపు నీటిమట్టం కంటే ఎత్తున లేకపోతే గొట్టంలో చెక్ వాల్వు ఉండాలి. లేదంటే పంపు ఆగిన క్షణం నీరు వెనక్కి పంపులోకి దిగుతుంది.

అసలు ఫిర్యాదు వేరే. ఐదో ఏడు టెస్ట్ బటన్ నొక్కితే పరికరం దిగలేదు. రెండోసారి గట్టిగా నొక్కినా అంతే. నెలనెలా నొక్కవలసినదాన్ని నేను ఎనిమిది నెలలు వదిలేశానన్నది నిజమే, కానీ పేరున్న కంపెనీ సరుకు ఉప్పు గాలికి ఇలా బిగుసుకుపోవడం నాకు నచ్చలేదు. దుకాణదారు గ్యారంటీ రెండేళ్లేనన్నాడు. అన్ని నెలల్లో ఎన్నాళ్లు నేను రక్షణ ఉందనుకుని ఉత్త చేతిని నీళ్లలో పెట్టానో లెక్క తేలదు. పైగా ఈ బటన్ పరికరం లోపలి యంత్రాంగాన్ని మాత్రమే పరీక్షిస్తుంది, ఇంట్లో ఎర్త్ ఉందో లేదో చెప్పదు. మా అపార్టుమెంటు ఎర్త్ గొయ్యిని విడిగా కొలిపించవలసి వచ్చింది.

కొత్తది కొనేటప్పుడు టైప్ ఏ అడిగి తీసుకున్నాను. పాతది టైప్ ఏసీ. ఎల్‌ఈడీ లైట్లు, డీసీ పంపులకు ఉండే అడాప్టర్ల నుంచి వచ్చే, ఒకే దిశలో తెరలు తెరలుగా పోయే (పల్సేటింగ్ డీసీ) లీకేజీని ఆ పాత రకం సరిగా పట్టుకోకపోవచ్చు. టైప్ ఏ ఖరీదు ఎక్కువే, ఊళ్లో రెండు దుకాణాల్లో లేదన్నారు కూడా. పరికరాన్ని ఈసారి మూత గట్టిగా పడే పెట్టెలో బిగించి, ప్రతి నెలా 1వ తేదీన బటన్ నొక్కుతున్నాను. నీళ్లు మార్చే రోజు మాత్రం దీని మీద భరోసా ఉంచను, ప్లగ్గులన్నీ పీకాకే చేయి పెడతాను.

రెండేళ్లలో ఈ కొత్తది నాలుగుసార్లు దిగింది. మూడింటికి కారణం దొరికింది. నాలుగోదాని కోసం హీటరు, మోటారు, లైటు వారానికొకటి చొప్పున విప్పి పక్కన పెడుతూ ఇంకా వెతుకుతున్నాను.