ఆజామాబాద్ షెడ్డులో రెండు కార్లు: వేడి సంగతి తెలిసిన ఒక ఉస్తాద్ పనితనం

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో, ఆజామాబాద్ పారిశ్రామిక వాడలోని ఒక రేకుల షెడ్డులో, గత వేసవిలో మా ఇంట్లోని రెండు కార్లకూ పని చేయించాను. ఒకటి నాన్నగారు 2004లో కొన్న మారుతి 800. 2019లో ఒకసారి, 2024లో మరోసారి దాని రిజిస్ట్రేషన్‌ను ఐదేసి సంవత్సరాలకు పొడిగించుకున్నాం. రెండోది మా అమ్మాయి నడిపే 2022 నాటి హ్యుందాయ్ వెన్యూ టర్బో. షెడ్డుకు బోర్డు లేదు, యజమాని తన పేరు రాయవద్దన్నారు కనుక, అక్కడ అందరూ పిలిచినట్టే నేనూ ఆయనను ఉస్తాద్ అనే అంటాను. ఇంజను వేడి, ఆయిల్, పికప్ అనే మూడు సంగతులను విడివిడిగా కాక ఒకే ముడిగా చూడగలిగిన మెకానిక్ చాలా కాలానికి కనిపించారన్నది నా అభిప్రాయం. అయితే ఆ నేర్పు పాత కారు దగ్గర కనిపించినంతగా కొత్త కారు దగ్గర కనిపించలేదు.

ముందుగా మారుతి కథ. రెండేళ్ల క్రితం మే నెలలో మెహిదీపట్నం దగ్గర ట్రాఫిక్‌లో ఇంజను వేడిని చూపే మీటరు ముల్లు ఎర్ర గీత దాకా వెళ్లింది. అప్పుడు చూపించిన వేరొక గ్యారేజీవారు థర్మోస్టాట్ వాల్వ్‌ను (ఇంజను వేడెక్కేదాకా నీటిని రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపే తలుపును) పూర్తిగా తీసేసి, "ఇక హైదరాబాద్ ఎండకు భయం లేదు" అని పంపించారు. మన ఊళ్లో ఇది ఇంటింటి వైద్యం లాంటిది. ఇంజను వేడెక్కిందంటే ఆ వాల్వ్ తీసి పారేయడమే మొదటి మందు. ఆ తర్వాత మైలేజీ తగ్గింది, ఉదయం బండి తీయగానే సైలెన్సర్ దగ్గర పెట్రోలు వాసన వచ్చేది, డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) మీద ఆయిల్ కూడా పలచబడినట్టు కనిపించేది. ఇంత జరిగినా మరుసటి వేసవిలో ముల్లు మళ్లీ పైకే పోయింది. అంటే జబ్బు తగ్గలేదు సరికదా, మందు కొత్త జబ్బును తెచ్చిపెట్టింది.

ఉస్తాద్ మొదట ఇంజను స్టార్టు చేయనివ్వలేదు. చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత విప్పి, లోపలి నీళ్ల రంగు చూసి, అడుగున తుప్పు చేరిన సంగతి చెప్పారు. తర్వాత మూత లేకుండానే స్టార్టు చేయించి, బుడగలు వస్తున్నాయేమోనని రెండు నిమిషాలు చూస్తూ ఉండిపోయారు. ఆగకుండా బుడగలు వస్తే హెడ్ గాస్కెట్ (సిలిండర్ల పైమూత అయిన హెడ్ కింద ఉండే పలచటి అడ్డుపొర) పోయి మండిన వాయువు నీటిలోకి చేరుతోందని అర్థం; మా బండికి ఆ గతి పట్టలేదు. అల్యూమినియం హెడ్ ఉన్న ఇంజనును ఎర్ర గీత దాటాక కూడా నడిపితే హెడ్ వంగవచ్చు, అప్పుడు లేత్‌కు పంపి ఫేసింగ్, అంటే అడుగు చదును, చేయించాలి. ఆ ఖర్చు తప్పినందుకు ఊపిరి పీల్చుకున్నాను. ఇంజను వేడెక్కాక ఆయన రేడియేటర్ జాలి మీద పైనుంచి కిందికి అరచేయి ఆనించీ ఆనించకుండా జరుపుతూ పోయి, "కింది మూడో వంతు చల్లగా ఉంది సార్, నీళ్లు అక్కడికి పోవడం లేదు" అన్నారు. అదే చోట చేతి థర్మామీటర్ గన్ పెట్టి చూపిస్తే, పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండవలసినదాని కంటే చాలా ఎక్కువ తేడా కనిపించింది. చేతి అంచనాను పరికరంతో సరిచూసుకోవడం నాకు నచ్చిన మొదటి విషయం.

కారణం మా బోరు నీళ్లే. దక్కన్ గ్రానైటు రాళ్ల లోంచి వచ్చే నీటిలో సున్నపు లవణాలు ఎక్కువ. మా ఇంట్లో టీ గిన్నె అడుగున పేరుకునే తెల్లటి పొరే రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ పేరుకుంటుంది. కూలెంట్ (ఇంజనును చల్లబరిచే ద్రవం) ఖరీదు మిగుల్చుకుందామని ఏళ్ల తరబడి మగ్గుతో బోరు నీళ్లు పోసింది నేనే కాబట్టి, ఈ తప్పు ఏ గ్యారేజీ మీదికీ నెట్టలేను. ఇంకో చిన్న లెక్క కూడా ఉంది. హైదరాబాద్ సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది కనుక ఇక్కడ మూత లేని గిన్నెలో నీళ్లు దాదాపు 98 డిగ్రీలకే మరుగుతాయి. రేడియేటర్ మూత 0.9 బార్ అదనపు ఒత్తిడిని (దాదాపు బయటి గాలి ఒత్తిడంత) నిలిపి ఉంచితే ఆ మరుగు స్థానం 118 డిగ్రీల దరిదాపులకు వెళుతుంది, మరుగు స్థానాన్ని పెంచే గ్లైకాల్ సగం కలిపిన కూలెంట్ అయితే ఇంకా పైకి పోతుంది. అంటే నూటయాభై రూపాయల మూత రబ్బరు గట్టిపడి ఒత్తిడి నిలపలేకపోతే ఇంజనుకున్న రక్షణలో పెద్ద భాగం పోయినట్టే. ఉస్తాద్ మా మూతను టెస్టర్ మీద పెట్టి, అది ఒత్తిడి నిలపడం లేదని చూపించి మార్చారు. ఇరవై ఏళ్లలో ఆ మూతను పరీక్షించిన మొదటి మనిషి ఆయనే.

థర్మోస్టాట్‌ను తిరిగి పెట్టాలన్నప్పుడు మాత్రం మా అన్నయ్య ఫోన్‌లో చాలాసేపు వాదించాడు. వాల్వ్ తీసేస్తే ఇంజను చల్లగా ఉంటుంది, చల్లగా ఉంటే మంచిదే కదా అన్నది వాడి వాదన. ఇంజనుకు చల్లదనం ఆరోగ్యం కాదు. పెట్రోలులోని శక్తిలో పనిగా మారేది పావు వంతు నుంచి మూడో వంతు వరకే. మిగిలినదంతా పొగతోనూ కూలెంట్‌తోనూ వేడిగా బయటికి పోతుంది. ఆ పోయే వేడిలో కొంత నిలుపుకుని, సుమారు 80 డిగ్రీలకు పైన స్థిరంగా ఉండేలా చూడడమే థర్మోస్టాట్ పని. మా 800 కార్బ్యురేటర్ బండి కాదు, కంప్యూటర్ లెక్క ప్రకారం పెట్రోలు చిమ్మే ఫ్యుయెల్ ఇంజెక్షన్ బండి. కూలెంట్ ఎప్పటికీ వేడెక్కకపోతే సెన్సర్ "ఇంజను ఇంకా చల్లగానే ఉంది" అని కంప్యూటర్‌కు చెబుతూ ఉంటుంది, కంప్యూటర్ అవసరానికి మించి పెట్రోలు పోస్తూ ఉంటుంది. మండకుండా మిగిలిన పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడిగేసి, రింగుల పక్కనుంచి కిందికి జారి ఇంజను అడుగు తొట్టిలోని (సంపు) ఆయిల్‌ను పలచన చేస్తుంది. మైలేజీ తగ్గడం, పెట్రోలు వాసన, డిప్‌స్టిక్ మీద పలచటి ఆయిల్, ఈ మూడూ ఒక్క తీసేసిన వాల్వ్ నుంచే వచ్చాయి. ఉస్తాద్ ఇదంతా ఇన్ని మాటల్లో చెప్పలేదు. పాత ఆయిల్‌ను వేళ్ల మధ్య రాసి, వాసన చూసి, నా ముక్కు దగ్గర పెట్టారు, అంతే.

ఆయిల్ విషయంలో ఆయన పట్టింపు ఇంకా ఎక్కువ. నేను దుకాణంలో ఖరీదైన ఫుల్ సింథటిక్, చాలా పలచటి 0డబ్ల్యూ-20 గ్రేడు డబ్బా కొనుక్కుని గర్వంగా తీసుకెళితే, ఆయన దాన్ని పక్కన పెట్టి, ముందు కంప్రెషన్ (సిలిండర్లు ఎంత ఒత్తిడి పుట్టిస్తున్నాయో) చూశారు. మూడు సిలిండర్ల మధ్య తేడా పది శాతం లోపే ఉంది కనుక సిలిండర్లను కోరి సరిచేసే బోరు పని అవసరం లేదన్నారు. ఆ తర్వాతే ఆయిల్ నిర్ణయం. లక్ష కిలోమీటర్లు దాటిన ఇంజనులో బేరింగుల సందులు కొద్దిగా పెరిగి ఉంటాయి. నీళ్లలాంటి ఆయిల్ పోస్తే ఇంజను వేడెక్కి ఐడ్లింగ్‌లో (బండి కదలకుండా ఇంజను తిరుగుతూ) ఉన్నప్పుడు ప్రెషర్ నిలవక ఆయిల్ దీపం మిణుకుమంటుంది. అలాగని మరీ చిక్కటి 20డబ్ల్యూ-50 పోస్తే, చలికాలపు ఉదయాన పై భాగానికి చేరడానికి ఆలస్యమై, అరుగుదల ఎక్కువగా జరిగే ఆ మొదటి క్షణాల్లోనే లోహానికి లోహం తగులుతుంది. ఆయన మధ్యేమార్గంగా 15డబ్ల్యూ-40 పోశారు. పిస్టన్ల అడుగు, క్రాంక్ బేరింగులు, క్యామ్ ఉన్న చోట్లకు కూలెంట్ చేరదు; అక్కడి వేడిని మోసుకెళ్లడంలో ఆయిల్‌దే పెద్ద పాత్ర. సిలిండర్‌లో మంట క్షణకాలం రెండు వేల డిగ్రీలు దాటుతుంది, పిస్టన్‌కు మూలలోహమైన అల్యూమినియం సుమారు 660 డిగ్రీలకే కరుగుతుంది. ఈ రెండు అంకెల మధ్య పిస్టన్ బతికి బట్టకడుతున్నదంటే అందులో ఆయిల్ వాటా ఉందని మరిచిపోయే మనం, దాన్ని కేవలం జారుడు కోసమే అనుకుంటాం.

ఇంజను వేడి పెట్టే ఇబ్బంది నాన్నగారికి బాగా తెలుసు. ఆయన స్నేహితుడి అంబాసిడర్‌లో శ్రీశైలం వెళ్లినప్పుడల్లా, దోమలపెంట దాటిన తర్వాత ఘాట్ రోడ్డులో ఒకసారి ఆగడం, బానెట్ ఎత్తడం, ఫ్యుయెల్ పంపు మీద తడిగుడ్డ కప్పడం తప్పనిసరి తంతు. పెట్రోలు ఆవిరై ఆ ఆవిరి పంపులో చేరితే ఇంజను ఆగిపోయేది. ఆ రోజుల్లో రేడియేటర్ ఫ్యాన్‌ను ఒక బెల్టుతో ఇంజనుకే కట్టి ఉంచేవారు కాబట్టి, గాలి బాగా అవసరమైన నిదానపు ఎక్కుడులోనే అది అన్నిటికంటే నెమ్మదిగా తిరిగేది. తిరుగు ప్రయాణం వరకు సరిపడా నీళ్ల క్యాన్ వెనక సీటు కింద ఉండేది.

ఇక వెన్యూ. ఇదీ మూడు సిలిండర్ల ఇంజనే, మారుతి కంటే రెండు వందల సీసీ మాత్రమే పెద్దది: అది 796, ఇది 998. కానీ 800 ఇచ్చేది 37 హెచ్‌పీ అయితే ఇది ఇచ్చేది 120 పీఎస్ (దాదాపు హెచ్‌పీ లాంటి కొలతే); ఇరుసును తిప్పే బలం, అంటే టార్క్, అక్కడ 59 న్యూటన్ మీటర్లు, ఇక్కడ 1500 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) నుంచే 172. దాదాపు అంతే పరిమాణం గల మూడు పిస్టన్ల మీద మూడింతల బరువు పడుతోందన్నమాట. ఇంజనులోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతూ, సన్నని ఆయిల్ పొర మీద తేలుతూ ఉంటుంది. ఔటర్ రింగు రోడ్డు మీద జోరుగా వచ్చి టోల్ దాటగానే ఇంజను ఆపేస్తే, ఆ వేడికి అక్కడ నిలిచిన ఆయిల్ మాడి బొగ్గులా గట్టిపడే ప్రమాదం ఉంది. నిమిషం పాటు ఐడ్లింగ్‌లో వదలమని మా అమ్మాయికి ఉస్తాద్ చెప్పిన మాట సరైనదే. ఎత్తు గేరులో, తక్కువ ఆర్‌పీఎంలో యాక్సిలరేటర్ బలంగా తొక్కితే, స్పార్క్ రాకముందే మిశ్రమం మండిపోయే జబ్బు చిన్న టర్బో ఇంజన్లకు ఉంది. దాన్ని దృష్టిలో పెట్టుకునే 2020 మే నుంచి 'ఏపీఐ ఎస్‌పీ' అనే ఆయిల్ నాణ్యతా ప్రమాణం వచ్చింది. అందుకే ఇక్కడ డబ్బా మీది గ్రేడు అంకెతో పాటు ఆ అక్షరాలూ చూడాలి. ఉస్తాద్ గ్రేడు చూశారు కానీ అక్షరాలు చూడలేదు; మాన్యువల్ తెరిచి నేను చూపించవలసి వచ్చింది.

అసలు పేచీ కూలెంట్ దగ్గర వచ్చింది. ట్యాంకులో కొద్దిగా తగ్గిందని, షెల్ఫు మీద ఉన్న పచ్చటి డబ్బా తీసి పోయబోయారు. "రంగు ఒకటే కదా సార్" అన్నారు. రంగు కలిపేది తయారీదారు ఇష్టం. లోపలి తుప్పు నిరోధకాల రసాయనానికీ ఆ రంగుకూ కచ్చితమైన సంబంధం ఏదీ లేదు, పొసగని రెండు రకాలు కలిస్తే వాటి రక్షణ తగ్గవచ్చు. ఇరవై నిమిషాలు మాట్లాడాక ఆయన ఒప్పుకున్నారు, నేను వేరేచోట సరైనది కొని తెచ్చాను. పట్టుదలకు పోకుండా ఒప్పుకున్నందుకు గౌరవమే, కానీ నేను అక్కడ లేకపోతే అది పోసేసి ఉండేవారు.

కారు కంప్యూటర్‌లోని అంకెలు చూపే స్కానర్ మాత్రం ఆయన దగ్గర ఉంది. దాన్ని తగిలించి మధ్యాహ్నం పూట ఏసీ వేసుకుని పంజాగుట్ట మీదుగా గచ్చిబౌలి దాకా వెళ్లి వచ్చాం. సిగ్నళ్ల దగ్గర కూలెంట్ 88 నుంచి 101 డిగ్రీల వరకు ఎగుడుదిగుడుగా తిరిగింది, ఫ్యాన్ రెండు వేగాల్లో మారుతూ పనిచేసింది, కానీ డాష్‌బోర్డు మీది గీతల్లో ఒక్కటైనా కదలలేదు. కొత్త కార్ల మీటరు కొంత పరిధిలో వేడి ఎంత మారినా మధ్యలోనే నిలబడేలా అమర్చి ఉంటుంది. డ్రైవరు కంగారు పడకూడదని కాబోలు. 42 డిగ్రీల ఎండలో గాలి సాంద్రత 25 డిగ్రీల నాటికంటే సుమారు ఐదారు శాతం తక్కువ, పైగా మిశ్రమం అదుపు తప్పి మండడాన్ని కనిపెట్టే నాక్ సెన్సర్ వల్ల స్పార్క్ ఆలస్యమై బలం తగ్గుతుంది. "మధ్యాహ్నం పికప్ రావడం లేదు" అన్న మా అమ్మాయి ఫిర్యాదుకు జబ్బంటూ ఏదీ లేదని అప్పుడే తేలింది.

ఖర్చు, కాలం సంగతి క్లుప్తంగా చెబుతాను. మారుతికి కొత్త రేడియేటర్, థర్మోస్టాట్, మూత, హోసులు, ఆయిల్, కూలీతో కలిపి 9,400 రూపాయలు అయింది. రేడియేటర్ నేనే సికింద్రాబాద్‌లోని రాణీగంజ్ వెళ్లి కొన్నాను, ఆయన దాని మీద లాభం అడగలేదు. ఇథనాల్ కలిసిన పెట్రోలుకు పాత రబ్బరు తట్టుకోదని ఫ్యుయెల్ హోసులు కూడా మార్పించారు. ముందుగా అంచనా కాగితం ఇవ్వరు, రెండు రోజులన్న పని ఐదు రోజులు పట్టింది, కూర్చోవడానికి తిరగేసిన ఆయిల్ డ్రమ్ము తప్ప ఏమీ లేదు, బిల్లు అడిగితే చిట్టీ మీద రాసి ఇచ్చారు. ఫోన్ ఎత్తరు. కంపెనీ వారంటీలో ఉన్న కారును అక్కడికి తీసుకెళ్లడం తెలివైన పని కాదని కూడా చెప్పాలి.

కార్బ్యురేటర్ బండి, పాత మారుతి, జెన్, అంబాసిడర్ ఉన్నవారు నిస్సంకోచంగా వెళ్లవచ్చు. టర్బో బండి అయితే మాన్యువల్, సరైన ఆయిల్, సరైన కూలెంట్ మీరే తీసుకెళ్లి, పక్కన నిలబడి పోయించుకోండి. మారుతి గత నెల నలుగురితో, ఏసీ వేసుకుని, వికారాబాద్ దగ్గర అనంతగిరి ఘాట్ ఎక్కింది. ముల్లు మధ్య గీత దగ్గరే ఉండిపోయింది, అన్నయ్య పక్క సీట్లో కూర్చుని దాన్నే చూస్తూ ఉన్నాడు.