ఫీడర్ అంబులెన్సా, గర్భిణుల వసతి గృహమా: కొండమీది ఊళ్లకు ఏది మేలు?

వానాకాలం మొదలైతే చాలు, పార్వతీపురం మన్యం, అల్లూరి సీతారామరాజు జిల్లాల నుంచి డోలీ ఫొటోలు పేపర్లో కనిపిస్తుంటాయి. లావుపాటి కర్ర, దానికి రెండు కొసలా ముడేసిన దుప్పటి, అందులో మోకాళ్లు ముడుచుకుని పడుకున్న నిండు గర్భిణి. ముందొకరు, వెనకొకరు మోస్తుంటే, భుజం మార్చుకోడానికి ఇంకో ఇద్దరు పక్కనే నడుస్తుంటారు.

లెక్క ప్రకారం మైదానంలో 30 వేల మందికి ఒక పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) అయితే, గిరిజన ప్రాంతంలో 20 వేలకే ఒకటి. కానీ ఆ 20 వేల మందీ ఎన్ని కొండల మీద చెదిరి ఉంటారో చూడాలి కదా!

ఫీడర్ అంబులెన్స్ అంటే బైక్‌కు పక్కన పడక బిగించిన బండి. 108 పోలేని ఇరుకు దారుల్లోకి వెళ్లి మనిషిని రోడ్డుకు చేరుస్తుంది. పాము కరిచినా, జ్వరం ముదిరినా అదే దిక్కు. కానీ దానికీ ఒక దారంటూ ఉండాలి, ఫోన్‌కు సిగ్నల్ ఉండాలి. సిగ్నల్ కోసం గుట్టెక్కాల్సిన ఊళ్లో అర్ధరాత్రి నొప్పులొస్తే?

వసతి గృహం పద్ధతి వేరు. 2018లో పార్వతీపురం ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) సాలూరులో తెరిచినది ఇలాంటిదే. నెలలు నిండకముందే కొండ దింపి, తిండిపెట్టి, పరీక్షలు చేయిస్తూ, నొప్పులు రాగానే పక్కనున్న ఆసుపత్రికి తీసుకెళ్తారు.

కాన్పు మటుకు నేను వసతి గృహమే మేలంటాను. కాన్పయ్యాక రక్తస్రావం ఆగకపోతే రెండు గంటల్లోనే ప్రాణం పోవచ్చు. డోలీలో అయితే ఆ రెండు గంటలూ దారిలోనే అయిపోతాయి.

అయినా కొందరు దిగి రారు. దాన్ని అమాయకత్వం అనేస్తే నాకు కోపం వస్తుంది. ఇంట్లో రెండేళ్ల పిల్ల, పోడులో కలుపు, కట్టేసిన మేకలు. వీటన్నిటినీ ఎవరికి అప్పగించి నెల రోజులు వచ్చి కూర్చుంటుంది? పిల్లకూ, తోడొచ్చిన అత్తకూ చోటుండాలి. అక్కడి గిరిజన భాషలు కువి, సవర మాట్లాడే మనిషి ఒకరుండాలి. అవి లేకపోతే ఎంత మంచి బిల్డింగ్ కట్టినా మంచాలు ఖాళీయే.

అలాగని బైక్ వద్దనను. కాన్పయ్యాక తల్లినీ బిడ్డనూ ‘తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్’ అనే సర్కారు బండి దింపేది రోడ్డు ఉన్నంతవరకే. అక్కడి నుంచి పచ్చి బాలింత, చంటిబిడ్డనెత్తుకుని కొండెక్కాలి. ఆ రోజు కింద ఆ బైక్ సిద్ధంగా ఉండాలి.