వానాకాలం గట్టెక్కే గులాబీ ఏది?

విజయనగరంలో గులాబీకి అసలు పరీక్ష ఎండాకాలం కాదు, జూన్ నుంచి అక్టోబరు దాకా పడే వానలు. ఆకు ఏడు గంటలు తడిగా ఉంటే చాలు, నల్లమచ్చ తెగులు పట్టేస్తుంది. రాత్రి జల్లు పడి, తెల్లారాక కూడా మబ్బు విడవకపోతే ఆ ఏడు గంటలూ ఇట్టే అయిపోతాయి. అంచులు పీచుపీచుగా ఉండే నల్లమచ్చ, చుట్టూ పసుపు, ముట్టుకుంటే ఊడొచ్చే ఆకు. మొక్క కింద నుంచి పైకి బోడి అవుతుంది.

బండి మీద అమ్మే హైబ్రిడ్ అంటు గులాబీలకే ఈ బెడద ఎక్కువ. పువ్వు అందం మాత్రం ఒప్పుకోవాల్సిందే. నేనూ పసుపుది ఒకటి తెచ్చాను. రెండో వానాకాలానికి పూలు లేవు గానీ కొమ్మలు ఏపుగా లేచాయి. బలంగా ఉందని మురిసిపోయి ఇంకాస్త గత్తం, అదే పశువుల ఎరువు, కూడా వేశాను. అనుమానమొచ్చి మొక్క మొదట్లో మట్టి తీస్తే, కొమ్మలన్నీ అంటు ముడి కింద నుంచి, అంటే వేరుకి వాడిన వేరే గులాబీ నుంచి వచ్చినవే. పైన అంటు కట్టిన గులాబీ ఎప్పుడో చచ్చిపోయింది!

కొమ్మ గుచ్చి పెంచిన నాటు గులాబీకి ఈ మోసం లేదు. నర్సరీల్లో ఎడ్వర్డ్ అంటారు. శ్రీకాకుళంలో మా అప్ప పెన్సిల్ లావు కొమ్మని జానెడు ముక్కలు కోసి పెరట్లో గుచ్చింది, అంతే. వానలకి దీని ఆకూ రాలుతుంది, కానీ మళ్లీ చిగురేస్తుంది. కోసిన పువ్వు సాయంత్రానికే రేకులు వదిలేస్తుంది, అదొక్కటే చిరాకు. వాసన మాత్రం వాకిట్లోకి వస్తుంది.

ఇక తెగులు తట్టుకునే పొద గులాబీలు. వీటిలో పేరున్నది అమెరికాలో విలియం రాడ్లర్ తయారుచేసిన నాకౌట్, 2000లో బయటికొచ్చింది. నల్లమచ్చకి మందు కొట్టక్కర్లేదు, వాడిన పూలు కత్తిరించకపోయినా మళ్లీ పూస్తుంది. వాసనే అంతంతమాత్రం. జడలోకీ దేవుడికీ పూలు కోసే ఇంట్లో అది చిన్న లోటు కాదు. పైగా నల్లమచ్చని తట్టుకున్నంత మాత్రాన ఎర్రనల్లిని తట్టుకోదు, మే నెలలో ఆకు వెనక చూడాల్సిందే.

నన్నడిగితే పెరట్లో నేలుంటే నాటుది. గోడ వెంబడి రంగు కోసమే అయితే పొద గులాబీ. అంటుది కుండీలో, ఎండ తగిలి వాన తగలని చూరు అంచున.

ఏది నాటినా అడుగున్నర గొయ్యి, మాగిన గత్తం, గుప్పెడు వేపపిండి, మొక్కకీ మొక్కకీ మూడడుగులు, రోజుకి ఆరు గంటల ఎండ. నీళ్లు పొద్దున్నే, మొక్క మొదట్లోనే. రాలిన ఆకు ఏరి పారేయాలి, గత్తం గుంటలో వేయొద్దు.

కత్తిరింపు అక్టోబరులో అంటారు. మన దగ్గర 2014లో హుద్‌హుద్ తుఫాను, 2018లో తిత్లీ తుఫాను, రెండూ అక్టోబరు రెండో వారంలోనే వచ్చాయి. కోసిన కొమ్మ అలా నానితే చివర నుంచి నల్లబడి కిందికి ఎండిపోతుంది. అందుకే దసరా తర్వాత వచ్చే పైడితల్లమ్మ సిరిమాను సంబరం అయ్యాక కూడా ఆగి, నవంబరులో ఆకాశం తేరుకున్నాకే నేను కత్తెర తీస్తాను.