ఒంగోలు నుంచి రాత్రి బండి, మధ్యాహ్నానికి కుర్సురా

మన వైపు వాళ్లకు సముద్రం కొత్త కాదు. కొత్తపట్నంలోనో మైపాడులోనో వేట పడవలు చూస్తూనే ఉంటాం. యుద్ధనౌకలో మనుషులు ఎట్లా బతుకుతారో చూడాలంటే మాత్రం విశాఖ వెళ్లాల్సిందే. రైల్లో ఒంగోలు నుంచి దాదాపు 490 కిలోమీటర్లు, నెల్లూరు నుంచి 600 పైచిలుకు. రాత్రి బండెక్కితే పొద్దున్నే దిగొచ్చు.

డిసెంబరు 4 నౌకాదళ దినోత్సవం. ఆ ముందూ వెనకా కొన్ని రోజులు జనాన్ని నౌకలు ఎక్కనిస్తుంటారు. తేదీలు పేపర్లో వస్తాయి. ఆధార్ దగ్గరుంచుకోండి, బ్యాగులు రూములోనే వదిలేయండి. క్యూ పెద్దది, చూపించేది డెక్కూ ఫిరంగులూ. పిల్లలకు సరదాగానే ఉంటుంది గానీ పడకలు, వంటగది చూడాలన్నవాళ్లకు ఆర్కే బీచ్‌లోని ఐఎన్ఎస్ కుర్సురా సబ్‌మెరైనే నయం.

1969 డిసెంబరులో సోవియట్ రేవు రీగాలో నౌకాదళంలో చేరిన ఈ సబ్‌మెరైన్ 2001లో విరమించింది, 2002 నుంచి మ్యూజియం. పొడవు 91 మీటర్లు, లోపల ఏడు గదులు. దాదాపు 75 మంది మసలిన జాగా అది. ముందు గదిలో టార్పెడోల (నీటి అడుగున దూసుకెళ్లి నౌకల్ని పేల్చే ఆయుధాలు) మధ్యనే పడకలు. ఒకడు డ్యూటీకి లేస్తే అదే పడక మీద ఇంకొకడు వాలాలి. మంచినీళ్లు తాగడానికీ వంటకే, స్నానం మాటెత్తకూడదు. తాజా కూరగాయలు కొన్నాళ్లే, తర్వాత డబ్బా తిండి. ఆ తరం సబ్‌మెరైన్లలో మరుగుదొడ్డికీ ఒక వరస ఉంది: ఏ వాల్వు ముందు, ఏది వెనక. తారుమారైతే గాలి ఒత్తిడికి సరుకంతా మొహానే చిమ్ముతుంది!

డీజిల్ ఇంజన్ల గదిలో కాసేపు ఆగండి. నీటి అడుగున నడిపేది బ్యాటరీలు, వాటిని నింపేది ఈ ఇంజన్లు. నీళ్లపైకి గొట్టం ఎత్తి గాలి పీలుస్తూ ఇంజన్లు నడుపుతారు. అల వచ్చి గొట్టం మునిగితే మూత దానంతటదే పడుతుంది. ఇంజన్ ఆగదు, లోపలి గాలినే లాగేస్తుంది, అందరి చెవులూ దిబ్బళ్లు పడతాయి. పైగా ఛార్జింగ్‌లో బ్యాటరీల నుంచి హైడ్రోజన్ వస్తుంది, చిన్న నిప్పురవ్వ చాలు కొంప మునగడానికి. గైడ్లలో నౌకాదళంలో చేసి రిటైరైనవాళ్లు ఉంటారు, ఇవన్నీ అడిగితేనే చెబుతారు. అడక్కపోతే మీరు పావుగంటలో బయట ఉంటారు.

సోమవారం సెలవు. మామూలు రోజుల్లో మధ్యాహ్నం నుంచే తెరుస్తారు కాబట్టి పొద్దున రూము చూసుకోండి. బీచ్ రోడ్డులో సముద్రం కనబడే గదికి రేటెక్కువ, ఆదివారాలు మరీను. డాబాగార్డెన్స్, రైల్వేస్టేషన్ వైపు చవక, ఆటోలో బీచ్ ఎంతో దూరం కాదు. పట్టు ఉన్న చెప్పులు వేసుకోండి, దారి ఇరుకు, ఇనుప గడపలు తగులుతాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను మాత్రం రోడ్డవతల టీయూ-142 అనే నౌకాదళ నిఘా విమానం మ్యూజియంకే తీసుకెళ్లండి. ఇరుకులో ఊపిరాడనట్టుండే వాళ్లకూ అదే మేలు, సెలవు రోజు రద్దీలో కుర్సురా లోపల మధ్యలో వెనక్కి మళ్లడం కుదరదు.

తిరుగు టికెట్ వెళ్లేటప్పుడే తీసుకోండి. సంక్రాంతి, దసరా రోజుల్లో విజయవాడ దాకా నిలబడే రావాల్సి వస్తుంది.