జెల్ గ్లోవ్స్ బాగానే ఉన్నాయి, తిమ్మిరికి మాత్రం మందు కాదు

హైదరాబాద్‌లో నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన సైకిల్ ట్రాక్ ఉంది కదా, ఆదివారాలు అక్కడే తొక్కుతాను, రానూపోనూ దాదాపు 30 కిలోమీటర్లు. ఒక రోజు ఇంటికొచ్చి వేడి వేడి పప్పన్నం కలుపుతుంటే మూడు వేళ్ళు చురుక్కుమంటున్నాయి, చిటికెన వేలికి అసలు ఏమీ తెలియట్లేదు, ఉంగరపు వేలికైతే చిటికెన వేలి వైపు సగమే మొద్దు! టెన్షన్ పడి, 650 రూపాయలు పెట్టి అరచేతి కింద జెల్ మెత్త ఉండే ఈ సగం వేళ్ళ సైకిల్ గ్లోవ్స్ తెప్పించుకున్నాను. బ్రాండ్ పేరు ఎందుకులెండి, ఈ రేటులో దొరికేవన్నీ ఇంచుమించు ఒకేలా ఉన్నాయి.

మంచి ముందు చెప్తాను. బొటనవేలి మీద టవల్ గుడ్డ కుట్టారు, చెమట తుడుచుకోవడానికి భలే ఉంది. గతుకుల అదురు తగ్గింది. కానీ తిమ్మిరి? మూడో ఆదివారం కూడా 12 కిలోమీటర్లకే మొదలు.

డాక్టర్ దగ్గరికి వెళ్తే వేళ్ళ మధ్య కాగితం పెట్టి లాగి చూశారు, పట్టు తగ్గలేదట, రెండు వారాలు సైకిల్ మానేయమన్నారు. అల్నార్ అనే నరం అరచేతి మొదట్లో, చిటికెన వేలి వైపు నుంచి పోతుందట, హ్యాండిల్ మీద బరువంతా సరిగ్గా అక్కడే పడుతోంది. ఇంటికొచ్చి గ్లోవ్స్ తిప్పి చూస్తే జెల్ దిమ్మ అరచేయి నడిమధ్యలో ఉంది, నరం పోయే చోట పలచటి బట్ట! పైగా దిమ్మ లావుగా ఉండి హ్యాండిల్‌ని ఇంకా గట్టిగా పట్టుకోవాల్సొస్తోంది.

అసలు తప్పు పట్టుకున్నది మా వీధి సైకిల్ షాపాయన. "సీటు ముక్కు కిందికి వంగింది సార్, ఒళ్ళంతా చేతుల మీదికి జారుతోంది" అని రెంచి తీసుకుని ఐదు నిమిషాల్లో సీటు సమం చేసి, హ్యాండిల్ కాస్త పైకి లేపాడు, డబ్బులు కూడా తీసుకోలేదు. ఇప్పుడు మణికట్టు వెనక్కి విరవకుండా, పది నిమిషాలకోసారి చేతులు జరుపుతూ తొక్కుతున్నాను. నెల దాటింది, పప్పన్నం వేడి ఐదు వేళ్ళకీ తెలుస్తోంది.

గ్లోవ్స్‌కి 3 స్టార్లు, ఆ టవల్ గుడ్డ కోసం. కొనేవాళ్ళు జెల్ ఎక్కడుందో నొక్కి చూసి కొనండి. రెండో ఉతుకుకే ఎడమ దాని కుట్టు ఊడింది, అమ్మ సూదీదారంతో వేసిన కుట్టే ఇప్పుడు గట్టిగా ఉంది.